అంకె పక్కన నక్షత్రం

పుంతా అరేనాస్‌లో గాలి రేగిన రోజు
వీధి మూలల్లో తాళ్లు కడతారు,
మనుషులు పట్టుకుని దాటడానికి.
ఆ తాడు పట్టుకునే వచ్చింది యాస్నా,
నాలుగు నెలల పసివాణ్ని కోటు లోపల కట్టుకుని.

నేను రక్తం తీసే మనిషిని.
ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ, అదే రబ్బరు పట్టీ.
ముఖాలు మరిచిపోతాను గానీ
మోచేతి మడతలు మరవను.
చెయ్యి చాపింది.
వేళ్లు వణుకుతున్నాయి, సన్నగా,
పడవ ఇంజను పక్కన పెట్టిన గ్లాసులో నీళ్లలా.
"చలికా?" అన్నాను.
"కాదు, ఎప్పుడూ ఇంతే.
నేను కూర్చునే ఉంటాను, గుండె పరిగెడుతుంది."

అడక్కుండానే మిగతాది చెప్పింది.
బిడ్డ పడుకున్నా తనకు కునుకు లేదట.
ఊపిరి ఆడుతోందో లేదోనని
వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుందట,
రాత్రికి ముప్పైసార్లు.
దువ్వెన నిండా జుట్టు.
తింటూనే ఉన్నా వదులవుతున్న బట్టలు.
మొగుడు ఎవరిస్తో పీతల పడవ మీద,
ఇరవై రోజులకోసారి ఇల్లు.
అత్తగారు డింకా మాత్రం
"మేం కనలేదా, మేం పెంచలేదా" అనేసి
పిండి పిసుక్కుంటూ కూర్చుందట.
ఆరోగ్య కేంద్రంలో మంత్రసానమ్మ ఒక్కతే
నాడి పట్టుకుని, గడియారం చూసి,
నమ్మక మళ్లీ చూసి,
ఈ చీటీ రాసిచ్చిందట.

మూడు గొట్టాలు నింపాను.
పిల్లాడు నిద్రలోనే చప్పరించాడు, పాలు అనుకుని.

రాత్రి యంత్రం గుర్రుమంటూ
ఒక్కో అంకె బయటికి నెట్టింది.
ఫెరిటిన్ ఆరు. పక్కన నక్షత్రం.
టి.ఎస్.హెచ్. సున్నా పాయింట్ సున్నా ఒకటి. పక్కన నక్షత్రం.
హద్దు దాటిన ప్రతి అంకెకీ
ఈ యంత్రం ఒక నక్షత్రం పెడుతుంది.
మళ్లీ నడిపాను. మళ్లీ అదే.
కిటికీ అవతల జలసంధి మీద ఒక్క చుక్కా లేదు,
అంతా మబ్బు.

నా పెద్దది పుట్టిన ఏడు
పొర్వెనీర్‌లో ఉండేవాళ్లం.
ఇంట్లో కత్తులన్నీ మూటగట్టి
బయట మంచులో పూడ్చి వచ్చాను ఒక రాత్రి.
ఎందుకో అడిగితే చెప్పలేకపోయాను.
"గాలికి ఇక్కడి ఆడవాళ్లు ఇలాగే అవుతారు" అన్నారు.
నా చేతికి ఎవరూ పట్టీ కట్టలేదు.
అందుకే ఈ పని నేర్చుకున్నానని
చెబితే బాగుంటుంది గానీ, నిజం కాదు.
జీతం కోసం నేర్చుకున్నాను.

ఫలితం గురించి మేం నోరు విప్పకూడదు, అది నిబంధన.
కాగితం మడిచి కవరులో పెట్టాను.
పొద్దున్నే డాక్టరుకి ఫోను చేశాను, అంతే.

తర్వాత సంగతి యాస్నాయే చెప్పింది,
వేసవి వెళ్లాక, రెండోసారి వచ్చినప్పుడు.
ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించిందట.
డింకా కళ్లద్దాలు పెట్టుకుని,
పిండి అంటిన వేలుతో వరస వెంట జరుపుతూ
నక్షత్రం దగ్గర ఆగిందట.
చాలాసేపు.
తర్వాత పిల్లాణ్ని చంకనేసుకుని
"పో, పడుకో" అందట.

ఈసారి అంకె అటువైపు దూకింది.
వణుకు లేదు. ఒంట్లో సీసం పోసినట్టు బరువు.
మాట తడుముకుంటోంది, చలికి రెండు స్వెట్టర్లు.
"ఇది తగ్గుతుందా?" అంది.
"డాక్టరు చెబుతాడు" అన్నాను,
పట్టీ కాస్త నెమ్మదిగా విప్పాను.

నిన్న మధ్యాహ్నం డింకా వచ్చింది, ఒక్కతే,
తల మీది గుడ్డ గాలికి ఎగిరిపోయి.
కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచింది.
"నాదీ తియ్యి."
"చీటీ ఏదమ్మా?"
"లేదు. నలుగుర్ని కన్నాను.
మూడోవాడప్పుడు ఏడాదంతా పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చాను.
అది ఇంకా ఇందులో కనపడుతుందా?"

కనపడదు.
చీటీ లేకుండా సూది గుచ్చకూడదు.
నేను ఆమె మణికట్టు పట్టుకుని
గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను.
నిమిషం అయిపోయాక కూడా
ఆమె చెయ్యి తీసుకోలేదు.